కెమెరాకు చిక్కిన దొంగ కోర్టులో జారిపోకుండా: ఫుటేజీ, ఫోన్ సాక్ష్యాలను కాపాడుకునే పద్ధతి

మా కోర్టులో ఒక దొంగతనం కేసు నడిచింది. రాత్రిపూట కిరాణా కొట్టు షట్టర్ ఎత్తి, గల్లాపెట్టె పగలగొట్టి డబ్బు పట్టుకుపోయారు. ఎదురు షాపు సీసీ కెమెరాలో దొంగ ముఖం పూర్తిగా పడింది. కొట్టాయన ధీమాగా ఉన్నాడు. "వీడియోనే ఉందిగా సార్, ఇంక వాడెక్కడికి పోతాడు" అన్నాడు. ఏడాదిన్నర తర్వాత విచారణకు వచ్చింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి వకీలు ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేశాడు. ఆ కెమెరా ఎవరిది? ఈ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది ఎవరు? వాచ్‌మన్ చప్పుడు విని ఫోన్ చేసింది 11 గంటల 10 నిమిషాలకని ఎఫ్ఐఆర్ చెబుతోంది, వీడియో మీద 11 గంటల 52 నిమిషాలని ఉంది. మరి ఈ వీడియో ఏ దొంగతనానిది?

మూడింటికీ ఫైల్లో జవాబు లేదు. డీవీఆర్ (కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) గడియారం 42 నిమిషాలు ముందు నడుస్తోందని ఎదురు షాపాయనకు తెలుసు, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఎవరూ రాయలేదు. నేరం మీద అనుమానం మిగిలింది కాబట్టి ముద్దాయికి సంశయ లాభం దక్కింది, కేసు పోయింది.

ఇలాంటి కేసుల్లో తప్పంతా పోలీసులదేనని చేతులు దులుపుకోవడం తేలిక. ఫిర్యాది గానీ, కెమెరా యజమాని గానీ మొదటి రెండు మూడు రోజుల్లో చేయగలిగిన పని చాలా ఉంది. అదేమిటో వరసగా చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, క్రిమినల్ కేసు నడిపే పద్ధతి చెప్పేది), భారతీయ సాక్ష్య అధినియం (బీఎస్ఏ, ఏది సాక్ష్యమో చెప్పేది) ప్రకారమే రాస్తున్నాను. ఆ తేదీకి ముందే మొదలై నడుస్తున్న కేసులకు పాత చట్టాలే వర్తిస్తాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాపీతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రాన్ని కోర్టు వరండాలో ఇప్పటికీ అందరూ "65బీ సర్టిఫికెట్" అనే అంటారు. బీఎస్ఏలో దాని సెక్షన్ నంబరు 63.

మొదటి పని: ఫుటేజీ చెరిగిపోకముందే అడగండి

డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది పడుతుంది. ఎన్ని కెమెరాలున్నాయి, డిస్క్ ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి వారానికే చెరిగిపోవచ్చు, నెల రోజులైనా ఉండవచ్చు. జనం ఎక్కువగా వచ్చే వ్యాపార సంస్థలు ఫుటేజీని 30 రోజులు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది. సందు చివర టీకొట్టు కెమెరాకు ఆ నమ్మకం పెట్టుకోవద్దు. దర్యాప్తు అధికారి వచ్చి తీసుకుంటాడులే అని కూర్చుంటే, ఆయన బందోబస్తు డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి అక్కడ ఏమీ మిగలదు.

ఘటన జరిగిన రోజే ఆ వీధి ఒకసారి నడవండి. మీ వైపు తిరిగి ఉన్న కెమెరాలు ఎన్ని? ముద్దాయి వచ్చిన దారిలో, పోయిన దారిలో ఏమున్నాయి? పెట్రోలు బంకు, ఏటీఎం, అపార్ట్‌మెంట్ గేటు, బంగారం షాపు. ప్రతి యజమానికీ ఒక చిన్న ఉత్తరం ఇవ్వండి:

"ఫలానా తేదీ రాత్రి 10 నుంచి 1 గంట వరకు మీ షాపు ముందు కెమెరాలో రికార్డయిన ఫుటేజీ ఒక నేరానికి సంబంధించిన సాక్ష్యం. పోలీసువారు తీసుకునే వరకు దానిని చెరపకుండా భద్రపరచవలసిందిగా మనవి."

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టనంటే ఆ ఉత్తరాన్నే ఫోటో తీసి ఆయన వాట్సాప్‌కు పంపండి. ఫుటేజీ మీ చేతికి ఇవ్వాల్సిన బాధ్యత ఆయనకు లేదు, బలవంతం చేయవద్దు. దర్యాప్తు అధికారి గానీ కోర్టు గానీ బీఎన్ఎస్ఎస్ 94వ సెక్షన్ కింద అడిగితే మాత్రం ఇచ్చి తీరాలి. కాబట్టి ఏయే కెమెరాలు ఉన్నాయో జాబితా రాసి స్టేషన్‌లో ఇవ్వండి. ముద్దాయి ఫోన్ ఏ టవర్ కింద ఉందో తేల్చే కాల్ డేటా కూడా మామూలు మనిషి అడిగితే కంపెనీ ఇవ్వదు, అదీ దర్యాప్తు అధికారి చేతిలో పనే. కంపెనీలు దాన్ని రెండేళ్లే దాచిపెడతాయి కాబట్టి "కాల్ డేటా తెప్పించండి" అని మీరు రాతపూర్వకంగా కోరినట్టు ఫైల్లో ఉండటం మంచిది.

రెండో పని: గడియారం

దీనికి పట్టేది రెండు నిమిషాలు. మా కిరాణా కొట్టు కేసు పోయింది ఈ రెండు నిమిషాల దగ్గరే.

డీవీఆర్ లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం దారి తప్పుతుంది. బిగించిన కుర్రాడు మొదటి రోజు టైము పెట్టిపోతాడు, ఆ తర్వాత దాని మొహం చూసేవాడు ఉండడు. అందుకే ఫుటేజీ చూడటానికి వెళ్లిన మొదటి క్షణంలోనే ఈ పని చేయండి. మానిటర్ మీద లైవ్ దృశ్యం పెట్టించండి. పక్కనే నెట్‌వర్క్ టైము చూపించే మీ ఫోన్‌ను, సెకన్లు కనిపించేలా గడియారం తెరిచి పట్టుకోండి. రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి. కింద ఒక కాగితం మీద రాయండి: "ఈ రోజు సాయంత్రం 4.15కి డీవీఆర్ 4.57 చూపిస్తోంది. 42 నిమిషాలు ముందుంది." యజమాని సంతకం, మీ సంతకం, తేదీ.

తప్పు కనిపించింది కదా అని గడియారాన్ని సరిచేయించవద్దు. సరిచేస్తే తేడా ఎంతో నిరూపించే ఆధారమే పోతుంది. పోలీసులు వచ్చి పంచనామా రాసేటప్పుడు ఆ తేడాను అందులో రాయమని అడగండి. "అదెందుకండీ" అని స్టేషన్ రైటర్ విసుక్కోవచ్చు. నవ్వుతూ ఇంకోసారి అడగండి.

మూడో పని: కాపీ

మానిటర్ ముందు నిలబడి సెల్‌ఫోన్‌తో వీడియో తీసుకోవడం మనవాళ్లకు అలవాటు. అది మీకు గుర్తుండటానికి పనికొస్తుంది, స్టేషన్‌లో చూపించడానికి పనికొస్తుంది. కోర్టులో అది కాపీకి కాపీ. ముఖం మసకబారుతుంది, మానిటర్ మీద ట్యూబ్‌లైటు మెరుపు పడుతుంది, వెనక నుంచి "అదుగో వాడే, వాడే" అన్న మీ బావగారి గొంతు వినిపిస్తుంది.

డీవీఆర్‌లో బ్యాకప్ లేదా ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. కొత్త పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ కంపెనీ సొంత ఫార్మాట్‌లోనే తీయించండి. ఆ ఫైలును ఆడించే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కూడా అందులోనే వేయించుకోండి, లేకపోతే రెండేళ్ల తర్వాత కోర్టు కంప్యూటర్‌లో ఫైలు తెరుచుకోక వాయిదా పడుతుంది. దొంగ కనిపించిన 20 సెకన్లు మాత్రమే కత్తిరించి తీయవద్దు. ముందు అరగంట, వెనక అరగంట కలిపి తీయండి. ముక్క తెస్తే "మిగతాది ఎందుకు దాచారు" అన్న ప్రశ్న వస్తుంది. రెండు పెన్‌డ్రైవ్‌లలో వేయించి ఒకటి కవర్లో పెట్టి అంటించి, అంటించిన చోట సంతకాలు చేయించి, మళ్లీ ముట్టుకోవద్దు. చూడటానికి, చూపించడానికి రెండోది.

నేరం పెద్దదైతే పోలీసులు డీవీఆర్‌నే స్వాధీనం చేసుకోవచ్చు. సాక్ష్యంగా అదే బలమైనది. షాపాయనకు అది నష్టం కాబట్టి చాలాసార్లు హార్డ్ డిస్క్ ఒక్కటే తీసుకుంటారు.

నాలుగో పని: హ్యాష్ విలువ

పేరు వింటే కంగారు పుడుతుంది గానీ, సంగతి వేలిముద్ర లాంటిదే. ఏ ఫైలునైనా ఒక లెక్కలో వేస్తే అక్షరాలు, అంకెలు కలిసిన ఒక వరస వస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాలు. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. ఈ రోజు తీసిన విలువ, రెండేళ్ల తర్వాత కోర్టులో తీసిన విలువ ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. విండోస్ కంప్యూటర్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ముందే ఉంటుంది, మీ ఊరి నెట్ సెంటర్ కుర్రాడు నిమిషంలో తీసిస్తాడు. దాన్ని ప్రింటు తీయించి, ఎవరు తీశారో, ఏ కంప్యూటర్‌లో తీశారో, ఎప్పుడు తీశారో కింద రాసి పెట్టుకోండి. కొత్త చట్టంలోని సర్టిఫికెట్ నమూనాలోనే హ్యాష్ విలువ రాయడానికి గడి ఉంది కాబట్టి ఇది ఎలాగూ తప్పదు.

ఫోన్‌లో ఉన్నవి

బెదిరింపు కేసుల్లో, డబ్బు ఎగ్గొట్టిన కేసుల్లో అసలు సాక్ష్యం మీ జేబులోనే ఉంటుంది. దాన్ని చేజేతులా పాడుచేసేది కూడా మనమే.

వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో పైన "రాజు మేస్త్రి" అని మీరు సేవ్ చేసుకున్న పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో ఎవరి నంబరైనా సేవ్ చేయవచ్చు. కాబట్టి పేరు మీద నొక్కి, నంబరు కనిపించే పేజీ కూడా స్క్రీన్‌షాట్ తీయండి. ఆ తర్వాత సంభాషణ మొదటి నుంచి చివరి దాకా మెల్లగా జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మొత్తం సంభాషణను ఫైలుగా దింపుకోండి. మీరు తిట్టిన తిట్లు ఉన్నా సరే, వాటిని చెరపవద్దు. అవతలివాడి ఫోన్‌లో అవి ఉంటాయి, సరిగ్గా మీరు బోనులో నిలబడ్డ రోజే బయటికి వస్తాయి. మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ముందు దాని సంగతి చూడండి.

ఫోటో గానీ వీడియో గానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న లోపలి వివరాలు పోతాయి. పోలీసులకు పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు మాత్రం తీసిన ఫోన్‌లోనే ఉండనివ్వండి. కేసు తేలే దాకా ఆ ఫోన్ మార్చడం, అమ్మడం, రీసెట్ చేయడం వద్దు. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోండి.

కాల్ రికార్డింగ్ చెల్లుతుందా అని ప్రతివాళ్లూ అడుగుతారు. మీరు మాట్లాడిన కాల్‌ను మీరే రికార్డు చేస్తే, అవతలివాళ్లకు చెప్పలేదన్న ఒక్క కారణంతో కోర్టు దాన్ని పక్కన పడేయదు. 1972లో ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు చూడమన్నవి వేరు: మాటలు కేసుకు సంబంధించినవేనా, గొంతు ఎవరిదో తేలిందా, రికార్డింగ్‌లో మార్పులు జరగలేదని రుజువైందా. గొంతు తనది కాదని ముద్దాయి అంటే స్వర నమూనా ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 2019లో రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 349లో చేరింది.

రెండు హెచ్చరికలు. ఇంకొకరి ఫోన్ తాళం దొంగతనంగా తీసి సాక్ష్యం లాగడం నేరం, ముద్దాయి మీరు అవుతారు. పిల్లల అశ్లీల దృశ్యాలు ఏవైనా కంటపడితే "సాక్ష్యం కోసం" అని కాపీ చేసుకోవడం, ఎవరికైనా పంపడం చేయకండి. నేరుగా పోలీసులకు చెప్పండి. డబ్బు పోయిన సైబర్ మోసమైతే ఇవన్నీ తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి.

ఫిర్యాదు, పంచనామా

ఫిర్యాదులోనే రాయండి: నా దగ్గర ఫలానా ఫోన్‌లో ఫలానా రికార్డింగ్ ఉంది, ఎదురు షాపులో కెమెరా ఉంది, దాని గడియారం ఇంత తేడాగా ఉంది. ఎఫ్ఐఆర్‌లో లేని సాక్ష్యం ఆరు నెలల తర్వాత పుట్టుకొస్తే కోర్టు అనుమానంగానే చూస్తుంది. ఎఫ్ఐఆర్ ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎస్ఐ కేసు కట్టనంటే బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

ఫోన్ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఇచ్చేటప్పుడు ఉత్త చేతికి ఇచ్చి రావద్దు. "స్టేషన్‌లో పెట్టి వెళ్లండి, రేపు రాసుకుంటాం" అంటే రేపే తెస్తానని చెప్పండి. మధ్యవర్తుల (పంచనామాకు సాక్షులుగా సంతకం పెట్టేవాళ్ల) సమక్షంలో స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా రాయాలి, అందులో ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ, పెన్‌డ్రైవ్ సీరియల్ నంబరు, హ్యాష్ విలువ ఉండాలి, సీలు వేయాలి. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని, జాబితా మీద సంతకాలు చేయడాన్ని వీడియో తీయాలి. దానికోసమే ఈ-సాక్ష్య అనే యాప్ ఇచ్చారు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని 176(3) చెబుతోంది, ఐదేళ్ల లోపల అమలు చేయమని రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది. మన దగ్గర క్లూస్ టీం అంటాం. వాళ్లు వచ్చి వెళ్లే దాకా గల్లాపెట్టె తుడవకండి, ఊడ్వకండి, చూడ్డానికి వచ్చిన చుట్టాలను లోపలికి రానివ్వకండి.

మధ్యవర్తుల గురించి ఒక మాట. ప్రతి పంచనామాకూ స్టేషన్ పక్క హోటల్ మనిషినో, ఎప్పుడూ సంతకం పెట్టే ఒకరిద్దరినో పిలవడం చాలాచోట్ల అలవాటు. విచారణలో వాళ్లే ముందు అడ్డం తిరుగుతారు, "స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టాను" అంటారు. మీ వీధిలో మాట మీద నిలబడే ఇద్దరిని, మీకు చుట్టాలు కానివాళ్లను మీరే సూచించండి.

సర్టిఫికెట్ ఎవరివ్వాలి?

ఎక్కువ కేసులు చచ్చేది ఇక్కడ. సర్టిఫికెట్ లేకుండా కాపీ చెల్లదని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో షఫీ మహ్మద్ కేసులో కాస్త సడలించింది. 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ బిగించింది: కాపీ తెస్తే సర్టిఫికెట్ తప్పనిసరి. అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి, అది తనదేనని యజమాని సాక్ష్యం చెబితే అక్కర్లేదు. సర్టిఫికెట్ అడిగినా అవతలివాళ్లు ఇవ్వకపోతే, ఇప్పించమని కోర్టును కోరవచ్చు.

కొత్త చట్టం షెడ్యూల్‌లో రెండు భాగాలున్నాయి. ఎ-భాగం మీద పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు సంతకం చేయాలి. అంటే ఎదురు షాపు కెమెరా ఫుటేజీకి ఎదురు షాపాయన. మీరు కాదు, ఎస్ఐ గారూ కాదు. మీ ఫోన్‌లోని చాట్‌కు మాత్రం మీరే. పరికరం మోడల్, రంగు, సీరియల్ నంబరు, హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో అందులో నింపాలి. బి-భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. ఆ నిపుణుడికి ఏ అర్హత ఉండాలో 63వ సెక్షన్ విడమరిచి చెప్పలేదు, అందుకే దాని మీద వాదోపవాదాలు నడుస్తున్నాయి. పోలీసు కేసుల్లో ఆ పని వాళ్లే చూస్తారు. మీరు సొంతంగా నేరుగా మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంటు వేస్తే మాత్రం నిపుణుణ్ణి వెతుక్కోవాలి.

షాపాయన చేత ఎ-భాగం మొదటి వారంలోనే రాయించండి. ఏడాది తర్వాత ఆ షాపు అక్కడ ఉండకపోవచ్చు, ఉన్నా కోర్టు చుట్టూ తిరగడం నావల్ల కాదని తలుపేసుకోవచ్చు.

ముద్దాయి నోటి మాట, గడ్డివాము

"వాడు స్టేషన్‌లో అన్నీ ఒప్పుకున్నాడు" అని సంబరపడకండి. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. దానికి ఉన్న ఒక్క సందు గురించి దేశమంతా ఉటంకించే తీర్పు మన గుంటూరు నుంచి వెళ్లినదే: పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు వినే ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది, 1947 నాటి రిపోర్టుల్లో ఉంది. బల్లెం, కర్ర ఊళ్లో ఒకరి గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అని ముద్దాయి చెప్పాడు. వస్తువు ఎక్కడ ఉందో అతనికి తెలుసన్న మేరకే ఆ మాట చెల్లుతుందని, దానితో పొడిచానన్న భాగం చెల్లదని తేల్చారు. ఇప్పుడు బీఎస్ఏ 23వ సెక్షన్ మినహాయింపులో ఉన్నది అదే. దొంగ తన పాత ఫోన్‌ను చింతచెట్టు తొర్రలో పెట్టానని చెప్పి చూపించినా ఇదే కొలత. ఆ ఫోన్ దొరికిన చోటు, దొరికిన తీరు పంచనామాలో పక్కాగా ఉండాలి. లోపలి సంగతి ఫోరెన్సిక్ ల్యాబ్ చెప్పాలి.

చార్జ్‌షీట్ వచ్చాక

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితుడికి తెలియజేయాలని బీఎన్ఎస్ఎస్ 193వ సెక్షన్‌లో ఉంది. తెలియజేయకపోతే మీరే రాసి అడగండి. అదే సెక్షన్‌లో ఇంకో కొత్త సంగతి: ఎలక్ట్రానిక్ పరికరం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ వరస చార్జ్‌షీట్‌లో చూపించాలి. చార్జ్‌షీట్ ప్రతి అందగానే ముందు ఇదే చూడండి. షాపు నుంచి ఎస్ఐకి, ఎస్ఐ నుంచి కోర్టుకు, కోర్టు నుంచి ల్యాబుకు, మళ్లీ వెనక్కి. మధ్యలో ఒక వారం ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందో లేకపోతే ఏపీపీ గారికి (ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) విచారణకు ముందే చెప్పండి. సాక్షుల జాబితాలో షాపాయన పేరు, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల పేర్లు ఉన్నాయా అన్నది రెండోది.

ఇది చదివేవాళ్లు ముద్దాయి వైపు వాళ్లయినా ఇవే మెట్లు పనికొస్తాయి, తలకిందులుగా. మీరు ఆ టైముకు వేరే ఊళ్లో ఉంటే అక్కడి బంకు ఫుటేజీ మీకు ప్రాణం, దాన్ని భద్రపరచమని వెంటనే వకీలు ద్వారా అడిగించండి. ఉన్న ఫుటేజీని ప్రాసిక్యూషన్ తేకపోతే అది వాళ్లకు వ్యతిరేకంగా పోతుందని 2015లో తొమాసో బ్రూనో కేసు చెప్పింది. వారణాసి హోటల్లో జరిగిన మరణం మీద ఇద్దరు ఇటలీ దేశస్థులు అందులో విడుదలయ్యారు. మెమరీ కార్డు మీద ఆధారపడిన కేసులో దాని క్లోన్ ప్రతి (అచ్చుగుద్దినట్టు ఉండే కాపీ) అడిగే హక్కు ముద్దాయికి ఉందని 2019లో గోపాలకృష్ణన్ కేసులో తేలింది. బాధితురాలి గోప్యత ఉన్నచోట మాత్రం చూసుకోనిస్తారు, చేతికివ్వరు.

సాక్ష్యం చెప్పే రోజు గడియారం ఫోటో, హ్యాష్ ప్రింటు, ఉత్తరం మీద షాపాయన సంతకం ఉన్న ప్రతి ఒక కవర్లో పెట్టుకుని ముందురోజే ఏపీపీ గారికి చూపించండి. బోనులో "ఎవరు కాపీ చేశారు" అని అడిగితే చేసినవాళ్ల పేరే చెప్పండి. కుర్రాడు చేస్తే కుర్రాడే. మా కేసులో కొట్టాయన, పాపం, కేసు బలంగా ఉంటుందనుకుని "నేనే చేశాను" అన్నాడు. వెంటనే దాని మీదే ఇంకో ప్రశ్న వచ్చింది: "అయితే డీవీఆర్ కంపెనీ పేరు చెప్పండి."

ఆయన ఏపీపీ వైపు చూశాడు.